పల్లె లైబ్రరీలో కంప్యూటరు, వాట్సాప్, పుస్తకాల పెట్టె: తరచుగా అడిగే ప్రశ్నలు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో శాఖా గ్రంథాలయమో, గ్రామీణ గ్రంథాలయమో, పుస్తక నిక్షిప్త కేంద్రమో (బుక్ డిపాజిట్ సెంటరు) నడిపేవాళ్లకూ, ఊళ్లో కుర్రాళ్లు కలిసి పెట్టుకున్న చదువుల గదిని చూసుకునేవాళ్లకూ ఈ జవాబులు. రెండు మూడు వేల పుస్తకాలు, ఒక గది, చూసుకోవడానికి ఒకే మనిషి. ఆ కొలతకు సరిపడా రాశాం.

దాతలు కంప్యూటరు కొనిస్తామంటున్నారు. ముందు ఏది తీసుకోవాలి?

ముందు ఏదీ తీసుకోకండి. అక్సెషన్ రిజిస్టరు (లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకానికీ వరుస నంబరు వేసి రాసుకునే పుస్తకం) చేతిలో పట్టుకుని అరల ముందు నిలబడండి. రిజిస్టరులో ఉండి అరలో లేనివి, అరలో ఉండి రిజిస్టరుకు ఎక్కనివి, ఒకే నంబరు పడిన రెండేసి పుస్తకాలు ఈ మూడు రకాలూ ప్రతి పాత లైబ్రరీలో బయటపడతాయి. వాటిని తేల్చకుండా కంప్యూటరులోకి ఎక్కిస్తే తప్పులన్నీ అచ్చంగా అలాగే ఎక్కుతాయి. పైగా తెర మీద కనబడేసరికి అందరూ నమ్ముతారు.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది కాబట్టి అటు వెళ్లిన ఊళ్లలో పాత చిత్తూరు ముద్ర ఉన్న పుస్తకాలు బోలెడు. ముద్ర మారినా నంబరు మార్చకండి. పుస్తకానికి అక్సెషన్ నంబరు ఒక్కసారే పడాలి.

సాఫ్ట్‌వేర్ లేకుండా పుస్తకాల జాబితా చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. మూడు వేల పుస్తకాల దాకా మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. అక్సెషన్ నంబరు, పేరు, రచయిత, ప్రచురణకర్త, అచ్చయిన సంవత్సరం, వెల, విషయం, ఉండే అర, స్థితి, ఈ తొమ్మిది గళ్లు పెట్టండి. ఒకరు పుస్తకం తీసి చదువుతుంటే ఇంకొకరు కొడితే గంటకు నలభై దాకా ఎక్కుతాయి. 2500 పుస్తకాలకు అరవై గంటలకు పైన పడుతుంది. రోజుకు మూడు గంటల లెక్కన మూడు వారాలు.

అందరూ తగిలించుకునే దెబ్బలు కొన్ని చెబుతాం.

నంబరు గడిని ముందే "టెక్స్ట్" అని మార్చండి. లేకపోతే 00045 అని కొడితే 45 అవుతుంది. పుస్తకం అట్ట మీద ఉండే పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్ అయితే 9.78 అని మొదలై చివర కూడిక గుర్తుతో ముడుచుకుపోతుంది. సీఎస్‌వీగా (గళ్లను కామాలతో విడదీసే సాదా ఫైలు) దాచేటప్పుడు, తెలుగు అక్షరాలు చెడకుండా దాచే యూటీఎఫ్-8 రకాన్నే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీలో తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది, అలా దాచి మూసేశాక ఆ ఫైలులోంచి తెలుగు తిరిగి రాదు.

ఊళ్లో డీటీపీ షాపులో కొట్టిస్తే అను ఫాంట్లలో కొట్టే అవకాశం ఉంది. చూడ్డానికి తెలుగే, కానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. వెతికితే ఏమీ దొరకదు. యూనికోడ్‌లో (ఏ ఫోనులోనైనా కంప్యూటరులోనైనా తెలుగుగానే కనబడే పద్ధతి) కొట్టమని ముందే చెప్పండి. చెక్ చేయడం తేలిక. ఒక పేరును కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. అక్కడ తెలుగులోనే కనిపిస్తే సరే, పిచ్చి గీతలు వస్తే పని మళ్లీ మొదటికి.

యూనికోడ్ అయినా పేచీ తీరదు. "కథలు" ఒకచోట, "కధలు" ఒకచోట, "గ్రంథం" ఒక వరుసలో, "గ్రంధం" ఇంకో వరుసలో ఉంటే కంప్యూటరుకు అవి వేర్వేరు మాటలు. రచయితల పేర్లు ఇంకా ఘోరం. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరాల మధ్య చుక్కా ఖాళీయా అన్నది పుస్తకానికో రకంగా ఉంటుంది. ఒక వేరే కాగితం మీద రచయితల పేర్లన్నీ ఒకే పద్ధతిలో రాసుకుని, అందులోంచే కాపీ చేయండి. ఈ ఒక్క కాగితానికి పెట్టే రెండు రోజులు తర్వాత ఏళ్ల తరబడి వెతుకులాట తప్పిస్తాయి.

కోహా పెట్టుకోమంటున్నారు, ఈ-గ్రంథాలయ అంటున్నారు. ఏది మేలు?

రెండూ లైబ్రరీ పనులు చూసే సాఫ్ట్‌వేర్లు. కోహా ఉచితం, న్యూజిలాండ్‌లో పుట్టింది, 2000 సంవత్సరం నుంచి వాడుకలో ఉంది. లైనక్స్ మీద నడుస్తుంది. పెట్టడం ఒక రోజు పని, కానీ చెడిపోతే బాగుచేసేవాళ్లు కావాలి. ఈ-గ్రంథాలయ కేంద్ర ప్రభుత్వ కంప్యూటరు సంస్థ ఎన్ఐసీ తయారుచేసింది, ప్రభుత్వ గ్రంథాలయాల కోసం ఉద్దేశించింది. మీది జిల్లా గ్రంథాలయ సంస్థ కింద ఉంటే సంస్థ ఏది వాడుతుంటే అదే వాడండి, సొంత దారి వద్దు. యువజన సంఘం లైబ్రరీ అయితే, నెలకు రెండు వందల పుస్తకాలు బయటికి వెళ్లే దాకా స్ప్రెడ్‌షీటూ ఇష్యూ రిజిస్టరూ చాలు. ఆ సంఖ్య దాటాక కోహా గురించి ఆలోచించవచ్చు. కోహా తెలిసిన విద్యార్థుల కోసం శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ శాస్త్ర విభాగాన్ని అడగవచ్చు.

ఏది వాడినా జాబితా మూడు చోట్ల ఉండాలి. కంప్యూటరులో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఈమెయిల్‌లోనో డ్రైవ్‌లోనో ఇంకొకటి. పెన్‌డ్రైవ్‌ను కంప్యూటరుకే గుచ్చి వదిలేస్తే అది రెండో కాపీ కాదు. వైరస్ వచ్చినా పిడుగు పడినా రెండూ కలిసే పోతాయి.

బార్‌కోడ్ అవసరమా?

రోజుకు ఇరవై పుస్తకాలు కూడా మారని చోట అవసరం లేదు. చేతిరాతే వేగం. పెట్టదలిస్తే మాత్రం ఇవి గుర్తుంచుకోండి.

ఏ-4 షీటుకు 65 లేబుళ్లు వచ్చే రకం దొరుకుతుంది. 2500 పుస్తకాలకు 39 షీట్లు, పాడయ్యేవాటికి మరో ఐదు. లేజర్ ప్రింటరులోనే తీయించండి. ఇంక్‌జెట్ అచ్చు చెమట చేతికి అలుక్కుపోతుంది. బిల్లు మిషన్లలో వాడే థర్మల్ కాగితమైతే మన ఎండలకు వెలిసిపోతుంది. పైన సెలోటేపు అంటించకండి. రెండు వేసవులకు పసుపు పచ్చబడి, జిగురు పక్కలకు కారి పక్క పుస్తకానికి అంటుకుంటుంది. పుస్తకాల షాపుల్లో దొరికే పారదర్శక లేబుల్ కవర్లు వాడండి.

స్కానరు కంప్యూటరు దృష్టిలో కీబోర్డే. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఆన్‌లో ఉండగా ఇంగ్లీషు అక్షరాలున్న బార్‌కోడ్‌ను చదివిస్తే తెరమీద తెలుగు అక్షరాలు పడతాయి. స్కానరు చెడిపోయిందని షాపుకు మోసుకెళ్లేవాళ్లు చాలామందికి ఉన్న జబ్బు ఇదే. బార్‌కోడ్‌లో అంకెలు మాత్రమే ఉండేట్టు చూసుకుంటే ఈ గొడవ రాదు.

కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఎంతసేపు నడుస్తుంది?

లెక్క వేసుకోండి. 12 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ అంటే 1800 వాట్-అవర్లు. లెడ్ బ్యాటరీలో సగం దాటి వాడితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి 900. ఇన్వర్టరు తినేది పోగా చేతికి వచ్చేది దాదాపు 730. ల్యాప్‌టాప్ 50 వాట్లు, రౌటరు 10, రెండు ఎల్ఈడీ ట్యూబులు 40, పాతకాలం ఫ్యాను 70, మొత్తం 170 వాట్లు. నాలుగు గంటలు దాటుతుంది. ఫ్యానును తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ రకానికి మారిస్తే అది 30 వాట్లకు దిగుతుంది, అయిదున్నర గంటలు వస్తుంది. ల్యాప్‌టాప్ బదులు డెస్క్‌టాప్, మానిటరు పెడితే మూడు గంటలే. అందుకే దాతలను ల్యాప్‌టాప్ అడగండి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మట్టం నెలకోసారి, ఎండాకాలంలో పదిహేను రోజులకోసారి చూడండి. బోరు నీళ్లు పోయకండి.

మా ఊళ్లో నెట్ సరిగా రాదు. అయినా ఏదైనా చేయగలమా?

కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దింపుకుని నెట్ లేకుండా చదివించవచ్చు. ఆ ఫైలును తిరుపతిలోనో చిత్తూరులోనో మంచి నెట్ ఉన్నచోట దింపి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. ఇంగ్లీషు వికీపీడియా బొమ్మలతో సహా అయితే వంద జీబీ దాటుతుంది, తెలుగుది అందులో చిన్న ముక్క.

ఒక్క కంప్యూటరులో చూపించడం కాకుండా పిల్లల ఫోన్లకూ అందాలంటే రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరును వైఫై పెట్టెగా మార్చవచ్చు. కావలసినవి నాలుగు: బోర్డు, 5 వోల్టులు 3 ఆంపియర్ల అడాప్టరు, 128 జీబీ మెమరీ కార్డు, డబ్బా. మామూలు ఫోన్ ఛార్జరు పెడితే కరెంటు చాలక మధ్యలో ఆగి మళ్లీ లేస్తుంటుంది.

రెండు ఇబ్బందులు తప్పకుండా వస్తాయి. మొదటిది, ఫోను ఆ వైఫైకి తగులుకున్నాక "ఇందులో ఇంటర్నెట్ లేదు" అని తనంతట తనే మొబైల్ డేటాకు వెళ్లిపోతుంది, పేజీ తెరుచుకోదు. "మొబైల్ డేటా ఆపి ప్రయత్నించండి" అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. రెండోది, కరెంటు పోయినప్పుడల్లా మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం. పెట్టెను ఇన్వర్టరు మీదే ఉంచి, అంతా ఎక్కించిన రోజే అచ్చంగా ఇంకో కార్డు తయారుచేసి బీరువాలో పెట్టండి. పదిహేను ఫోన్లు దాటితే నెమ్మదిస్తుంది, తరగతి మొత్తాన్ని ఒకేసారి తగిలించకండి.

పీడీఎఫ్ పుస్తకాలు పంచవచ్చా?

రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్లు నిండితే మన చట్టం ప్రకారం హక్కులు తీరిపోతాయి. అవి పంచుకోవచ్చు. బతికున్న రచయిత పుస్తకాన్ని స్కాన్ చేసి గ్రూపులో పెట్టడం నేరం, అది ఎంత మంచి మనసుతో చేసినా సరే. చట్టబద్ధంగా దొరికేవే బోలెడు. తెలుగు వికీసోర్స్, ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ, తితిదే ప్రచురణల ఈ-పుస్తకాలు, బడి పిల్లలకు దీక్షా యాప్. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ దీక్షాలోనే తెరుచుకుంటుందని ఇప్పటికీ చాలా ఇళ్లలో తెలియదు. ఒక సాయంత్రం తల్లిదండ్రులను పిలిచి అదొక్కటి చూపించినా చాలు.

వాట్సాప్ గ్రూపు పెట్టాం. వారానికే శుభోదయాలతో నిండిపోయింది.

గ్రూపు తీసేసి బ్రాడ్‌కాస్ట్ జాబితా పెట్టండి. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఆడపిల్లలూ గృహిణులూ చేరకపోవడానికి సగం కారణం అదే. బ్రాడ్‌కాస్ట్‌లో ఎవరికి వారికే వస్తుంది. ఒక జాబితాకు 256 మంది. ఒక మెలిక ఉంది. మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే అది చేరుతుంది. సభ్యత్వం రాయించుకునేటప్పుడే వాళ్ల ఫోనులో లైబ్రరీ నంబరు దాచిపెట్టించి, అక్కడికక్కడే ఒక పరీక్ష మెసేజ్ పంపి చూడండి.

వారానికి ఒక్కటే పంపండి, సాయంత్రం ఏడు తర్వాత. మూడు పుస్తకాల అట్టల ఫొటోలు, ఒక్కోదానికి రెండు వాక్యాలు, చివర "కావాలంటే నంబరు పంపండి, పక్కన తీసిపెడతాం". చదవడం రానివాళ్ల కోసం అదే సంగతి నిమిషం లోపు మాటల్లో చెప్పి వాయిస్ మెసేజ్‌గా పంపండి. చాలాచోట్ల ఫొటోకన్నా గొంతే ఎక్కువ పనిచేస్తుంది. పిల్లల పేరిట సభ్యత్వం ఉంటే పెద్దవాళ్ల నంబరే తీసుకోండి.

జనం లైబ్రరీకి రావడం లేదు. ఏం చేయాలి?

పుస్తకమే వెళ్లాలి. 1935లోనే పాటూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. మనకు కాలువలు లేవు, టీవీఎస్ ఎక్సెల్ ఉంది.

ఒక రేకు పెట్టెలో నలభై పుస్తకాలు పెట్టండి. పుస్తకం సగటున పావు కిలో అనుకుంటే పది కిలోలు, పెట్టెతో కలిపి పద్నాలుగు. బండి ముందు భాగంలో కూర్చుంటుంది. పదిహేను పిల్లల బొమ్మల పుస్తకాలు, పది కథలూ నవలలూ, ఐదు పాడి-పంటలవి, ఐదు ఆరోగ్యం, వంట, ఐదు భక్తి పుస్తకాలు. భక్తి పుస్తకాలను తక్కువ చేయకండి, పెద్దవాళ్లను పెట్టె దగ్గరికి లాగేవి అవే. మూత లోపలివైపు జాబితా అంటించండి. ఎవరు తీసుకెళ్లారో రాయడానికి నాలుగు గళ్ల నోటుపుస్తకం చాలు: తేదీ, పేరు, పుస్తకం నంబరు, తిరిగొచ్చిన తేదీ.

ఎక్కడ దించాలన్నదే అసలు ప్రశ్న. మన రెండు జిల్లాల్లో పొద్దునా సాయంత్రమూ తప్పనిసరిగా జనం చేరేది పాల కేంద్రం దగ్గర. క్యాను పట్టుకుని వరుసలో నిలబడేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో వంగి పుస్తకాల వెన్నుల మీది పేర్లు చదివి ఎంచుకోరు. పెట్టె తెరిచి, ఒక పట్టా మీద అట్టలు పైకి కనబడేట్టు పరచాలి. చేతులకు పాల తడి ఉంటుంది, కాబట్టి ప్రతి పుస్తకానికీ పారదర్శక అట్ట తప్పనిసరి. పాల బిల్లు ఇచ్చే రోజు వెళితే జనం ఇంకాస్త ఎక్కువసేపు ఉంటారు, ఇళ్లకు తీసుకెళ్లేవి కూడా రెట్టింపు అవుతాయి.

రెండో చోటు పొదుపు సంఘం సమావేశం. నెలకు ఒక్కసారే అయినా తారీఖు ఖాయంగా ఉంటుంది. సంఘం లీడరు ఇంట్లోనే పెట్టె ఉంచేస్తే ఆ వీధికి అదే లైబ్రరీ. మూడోది అంగన్‌వాడీ. అక్కడ పుస్తకాలు చిరుగుతాయి, చిరగనివ్వండి. చిరగని బొమ్మల పుస్తకం ఎవరూ చదవనిదని అర్థం.

పదిహేను రోజులకోసారి పెట్టెలను మార్చి తిప్పండి. మూడు పెట్టెలుంటే మూడు ఊళ్లకు నెలన్నర దాకా ఎప్పుడూ కొత్తవే. మామిడి కాయలు కోసే మే నుంచి జులై దాకా పెద్దవాళ్లు దొరకరు. బడి సెలవులున్నంత కాలం పెట్టెలో పిల్లల పుస్తకాలే నింపండి.

పెట్టె తప్పిపోవడం కన్నా ఎక్కువగా జరిగే నష్టం వేరు. ఒకసారి చెప్పిన రోజుకు వెళ్లకపోతే, రెండోసారి ఎదురుచూసేవాళ్లు సగం అవుతారు. పదిహేను రోజులకోసారి వెళ్లలేమనుకుంటే మొదటే నెలకోసారి అని చెప్పండి.

తమిళం, కన్నడం మాట్లాడేవాళ్లు ఉన్నారు. వాళ్ల పుస్తకాల సంగతి?

నగరి, సత్యవేడు వైపు తమిళం, కుప్పంలో తమిళమూ కన్నడమూ, పలమనేరు దాటితే కన్నడం. ఈ ఊళ్లలో ఒక అర అయినా ఆ భాషకు ఉండాలి. జాబితాలో పేరును ఆ లిపిలో ఒక గడిలో, తెలుగు లిపిలో ఇంకో గడిలో రాయండి. చాలామంది ఇంట్లో తమిళం మాట్లాడినా చదివేది తెలుగే, కొందరికి తిరగేసి ఉంటుంది. అడిగి తెలుసుకోవాలి, ఊహించకూడదు. పుస్తకాలను విషయం ప్రకారం అంకెలతో విభజించే డ్యూయీ పద్ధతి వాడేవాళ్లకు: తమిళ సాహిత్యం 894.811, కన్నడం 894.814, తెలుగు 894.827.

కుర్చీలన్నీ పోటీ పరీక్షల అభ్యర్థులతోనే నిండిపోతున్నాయి.

సంతోషించండి, వాళ్లే లైబ్రరీ తెరిచి ఉంచమని అడిగేవాళ్లు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు పిల్లలకు వదలమని వాళ్లతోనే మాట్లాడుకోండి. డీఎస్సీ, గ్రూప్స్ పుస్తకాలు ఇంటికి ఇవ్వకండి. పాతవి ఏరేయండి. రాష్ట్రంలో 13 జిల్లాలని రాసిన పుస్తకం 2022 ఏప్రిల్ నుంచే తప్పు చెబుతోంది, దాన్ని అరలో ఉంచితే చదివినవాడి మార్కు పోతుంది.

అందరూ వాడే కంప్యూటరులో ఏ జాగ్రత్తలు?

హాల్ టికెట్టు, ఆధార్ తీసుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. సాయంత్రం డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచి చూడండి, ఊరందరి ఆధార్‌లు అక్కడే పడి ఉంటాయి. ఈ-ఆధార్ ఫైలు తాళం (పాస్‌వర్డ్) పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఊళ్లో ఎవరిది ఎవరికి తెలియదు? కాబట్టి ప్రైవేటు విండోలోనే తెరవడం, ప్రింటు తీశాక ఫైలు చెరిపి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయడం ఆ మనిషి కళ్ల ముందే జరగాలి. బ్రౌజరులో పాస్‌వర్డ్ దాచుకునే సదుపాయం పూర్తిగా ఆపేయండి. ఓటీపీని వాళ్లనే కొట్టనివ్వండి. చదవడం రాని ముసలమ్మ ఫోను చేతికిచ్చినా, అంకెలు ఆమెకు వినబడేట్టు చదివి ఆమె ముందే కొట్టండి.

చూపు లేనివాళ్లకు ఏం ఇవ్వగలం?

ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెర మీది తెలుగును చదివి వినిపిస్తుంది. గొంతు యంత్రంలా ఉంటుంది కానీ రెండు రోజుల్లో చెవికి అలవాటవుతుంది. చూపు లేనివాళ్ల కోసం ఉన్న ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో సభ్యత్వం తీసుకుంటే వినే రూపంలో పుస్తకాలు దొరుకుతాయి, వైకల్య ధ్రువపత్రం కావాలి. అను ఫాంట్లో ఉన్న ఫైలును ఎన్‌వీడీఏ కూడా సరిగా చదవలేకపోతుంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలి. మీ ఊరు ఎంత వసూలు చేసింది, ఎంత కట్టింది అన్నది పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకునే హక్కు మీకు ఉంది, సమాచార హక్కు చట్టమూ ఉంది. కోల్‌కతాలోని రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ 1972 నుంచి పుస్తకాలకూ భవనాలకూ సాయం చేస్తోంది.

వానల్లో పుస్తకాలు తడిశాయి. ఎలా కాపాడాలి?

మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి మునిగింది గుర్తుందిగా. అట్టడుగు అర నేలకు అడుగు ఎత్తులో ఉండాలి, ర్యాక్ గోడకు ఆరంగుళాలు ఎడంగా ఉండాలి. ఇనుప ర్యాకులకు చెదలు పట్టవనుకుంటారు. గోడ మీంచి మట్టి దారి కట్టుకుని వచ్చేస్తాయి, ఎడం ఉంటే ఆ దారి కంటికి కనిపిస్తుంది.

తడిసిన పుస్తకానికి గడువు 48 గంటలు, ఆ తర్వాత బూజు. ఎండలో పెట్టకండి, అట్ట వంకర తిరుగుతుంది. నిలబెట్టి విసనకర్రలా తెరిచి, ఫ్యాను గాలి నేరుగా కాక పక్కనుంచి తగిలేట్టు పెట్టండి. ఇరవై పేజీలకో అచ్చులేని తెల్ల కాగితం పెట్టి మూడు నాలుగు గంటలకోసారి మార్చండి. వార్తాపత్రిక పెడితే సిరా అంటుతుంది. నున్నటి బొమ్మల పేజీలు మాత్రం తడి ఆరకముందే ఒక్కొక్కటీ విడదీయాలి, ఆరాక అవి ఒకే ముద్ద.

ఒకేసారి వంద తడిస్తే అన్నీ ఆరబెట్టడం మీ వల్ల కాదు. ఒక్కొక్కటీ పాలిథీన్ కవరులో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. బూజు ఆగిపోతుంది, తర్వాత తీరిగ్గా రోజుకు పది చొప్పున తీసి ఆరబెట్టుకోవచ్చు. ఊళ్లో ఐస్‌క్రీం అమ్మే కొట్టులో ఆ పెట్టె ఉంటుంది, వానాకాలంలో సగం ఖాళీగానే ఉంటుంది. వానలు మొదలు కాకముందే కొట్టాయనతో మాట్లాడి పెట్టుకోండి.